తాకినంతనే పలుకు గడి : స్ప్రెడ్‌షీట్ మాక్రోల చరిత్ర

హాజరుపట్టీ వ్రాయని ఉపాధ్యాయుడు ఉండడు. కాగితముపై అడ్డుగీతలు, నిలువుగీతలు గీసి, ఒక్కొక్క విద్యార్థి పేరునకు ఎదురుగా, ఒక్కొక్క తేదీ క్రింద, ఒక్కొక్క గడిలో గుర్తు పెట్టుట మనకందరకు అలవాటైన పని. నేడు ఆ పట్టీనే కంప్యూటరు తెరపై వ్రాయుటయు అలవాటైనది. అట్టి పట్టికకు స్ప్రెడ్‌షీట్ అని పేరు.

కాగితపు గడికిని, తెరపై గడికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. కాగితపు గడి మనము వ్రాసినదానిని నిలుపుకొనును. అంతకు మించి ఏమియు చేయదు. తెరపై గడి లెక్క కట్టగలదు. దానికి కొద్దిపాటి ప్రోగ్రాము తోడైనచో, మనము తాకినంతనే అది ఒక పనియు చేయగలదు. గడిపై రెండుమారులు నొక్కగానే ‘హా’ అను గుర్తు పడును. మరల నొక్కినచో తొలగును. మార్కులు వేయగానే ప్రక్క గడిలో ఆనాటి తేదీ దానంతట అదే పడును. ఇట్లు గడులచేత పని చేయించు చిన్న ప్రోగ్రామునకు మాక్రో అని పేరు.

గడికి ఈ శక్తి ఒక్కనాట వచ్చినది కాదు. 1979లో లెక్క కట్ట నేర్చిన గడి, 1997 నాటికి గాని తాకినంతనే పలుకు నేర్పును పూర్తిగా సంపాదింపలేదు. ఆ శక్తి వచ్చిన త్రోవలోనే ఒక ఆపదయు వచ్చెను. శక్తిని మాత్రము చెప్పి ఆపదను విడిచినచో కథ సగమే యగును. అందుచేత రెండింటిని కలిపియే చెప్పుకొందము.

లెక్క కట్టు గడి

స్ప్రెడ్‌షీట్ అను మాట కంప్యూటరుకంటె పాతది. లెక్కల గుమాస్తాలు పద్దుల పుస్తకములో ఎదురెదురుగా నున్న రెండు పుటలమీదను పరచి గీసిన వెడల్పాటి పట్టికకు ఆ పేరు. ఇట్టి పట్టికను కంప్యూటరునకు అప్పగింపవచ్చునను ఊహను రిచర్డ్ మాటెసిచ్ అను ఆచార్యుడు 1961లో ఒక వ్యాసమున ప్రకటించెను. కాని ఆనాటి కంప్యూటరు గుమాస్తా బల్లపై ఇముడునది కాదు. లెక్కను కార్డులపై రంధ్రములుగా పొడిపించి ఇచ్చి, ఫలితము కొరకు వేచియుండుటయే ఆనాటి పద్ధతి.

1978లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి ఉండెను. బోధకుడు నల్లబల్లపై పెద్ద పట్టిక వేసి లెక్క చెప్పుచుండగా అతడు ఒక చిక్కును గమనించెను. ఒక గడిలో ఒక్క అంకె మారినచో, దానిపై ఆధారపడిన అంకెలన్నిటిని తుడిచి మరల వ్రాయవలసి వచ్చుచుండెను. ఆ తుడుపును, ఆ వ్రాతను యంత్రమే చేసిన బాగుండునని అతనికి తోచెను. అతడును, అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ను కలిసి విసికాల్క్ అను ప్రోగ్రామును నిర్మించిరి. ‘కంటికి కనిపించు లెక్కయంత్రము’ అని ఆ పేరునకు భావము. అది 1979లో ఆపిల్ 2 అను చిన్న కంప్యూటరుపై వెలువడెను. అందు 63 నిలువువరుసలు, 254 అడ్డువరుసలు ఉండెను. అనగా 16,002 గడులు.

విసికాల్క్ గడిలో అంకెను వ్రాయవచ్చును, మాటను వ్రాయవచ్చును, లేదా సూత్రమును వ్రాయవచ్చును. ఐదు గడులలోని మార్కులను కూడుమని ఆరవ గడిలో సూత్రము వ్రాసినచో, ఆ అయిదింటిలో దేనిని మార్చినను ఆరవ గడిలోని మొత్తము వెంటనే మారును.

ఇచట సూత్రమునకున్న ఒక కట్టుబాటును శ్రద్ధగా గమనింపవలెను. సూత్రము ఇతర గడులను చూడగలదు గాని వానిని మార్పజాలదు. తాను లెక్కించిన విలువను తన గడిలోనే చూపును. ప్రక్క గడిలో వ్రాయుట, రంగు మార్చుట, ఫైలును తెరచుట, అచ్చు వేయుట మున్నగు పనులేవియు దాని వశములో లేవు. ఒక్కమాటలో చెప్పినచో, సూత్రము విలువను చెప్పును, పనిని చేయదు. పని చేయవలసినవాడు కీబోర్డు ముందు కూర్చున్న మనుష్యుడే. ఈ భేదము మనసున నున్నచో తరువాతి చరిత్ర అంతయు సులభముగా బోధపడును.

మీటల వరుసయే మాక్రో

మనుష్యుడు చేయు పనులలో చాల భాగము ఒకే విధముగా మరల మరల జరుగును. నెలనెల అదే పట్టికను తెరచి, అవే వరుసలను అమర్చి, అదే రీతిగా అచ్చు వేయవలెను. ప్రతిమారు అవే మీటలను అదే క్రమములో నొక్కవలెను. ఆ మీటల క్రమమును ఒకచోట వ్రాసిపెట్టి, దానిని నొక్కుమని యంత్రమునకే చెప్పినచో ఎట్లుండును? ఈ ప్రశ్ననుండి స్ప్రెడ్‌షీట్ మాక్రో పుట్టినది.

మాక్రో అను మాటకు గ్రీకు మూలము. పెద్దది, పొడవైనది అని అర్థము. కంప్యూటరు శాస్త్రములో ఆ మాట స్ప్రెడ్‌షీట్‌కంటె ముందే వాడుకలో నుండెను. యంత్రమునకు ఇచ్చు చిన్న చిన్న ఆజ్ఞలను కొన్నిటిని ఒక గుంపుగా కట్టి, ఆ గుంపునకు ఒక పేరు పెట్టి, తరువాత పేరు మాత్రమే వ్రాయుట 1950 తరువాతి సంవత్సరములలో ప్రోగ్రాములు వ్రాయువారికి అలవాటయ్యెను. ఒక చిన్న పేరు పెక్కు ఆజ్ఞలుగా విస్తరించును గనుక దానిని మాక్రో అనిరి. బెల్ ప్రయోగశాలకు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1960లో ఈ పద్ధతిని ఉన్నతస్థాయి భాషలకు విస్తరింపజేయు విధమును వివరించుచు ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. 1976లో ఇమాక్స్ అను రచనా సాధనము కూడ మొదట మాక్రోల సంపుటముగానే ఆరంభమైనది. దాని పేరులోని చివరి భాగము మాక్రోలను సూచించును.

ఈ ఊహను లెక్కల పట్టికలోనికి తెచ్చి లోకమున ప్రచారము చేసినది లోటస్ 1-2-3. మిచ్ కేపర్, జానథన్ సాక్స్ అనువారు దీనిని ఐబిఎం పర్సనల్ కంప్యూటరు కొరకు నిర్మించిరి. 1983 జనవరిలో ఇది వెలువడెను. ఇందు ఏ పని కావలసినను మొదట వాలుగీత మీటను నొక్కవలెను. అప్పుడు తెర పైభాగమున మెనూ కనబడును. తరువాత ఒక్కొక్క ఆజ్ఞకు దాని మొదటి అక్షరము నొక్కిన చాలును. ఉదాహరణకు ఒక గడిలోని సంఖ్యను ద్రవ్యరూపమున రెండు దశాంశ స్థానములతో చూపవలెనన్నచో, వాలుగీత, ఆర్, ఎఫ్, సి, 2 అను మీటలను వరుసగా నొక్కి ఎంటర్ మీటను రెండుమారులు నొక్కవలెను. ఇందు ఆర్ అనగా గడుల గుంపు, ఎఫ్ అనగా రూపము, సి అనగా ద్రవ్యము. మొదటి ఎంటర్ ‘రెండు స్థానములు’ అనుమాటను స్థిరపరచును. రెండవది ‘ఈ గడికే’ అని స్థిరపరచును.

మాక్రో వ్రాయుట అనగా ఈ మీటలనే ఒక మారుమూల గడిలో మాటగా వ్రాయుట. ఎంటర్ మీటకు బదులుగా అలవంటి చిన్న గీతను వ్రాసెడివారు. ఆ గడికి ఒక అక్షరము పేరుగా పెట్టి, ఆల్ట్ మీటతో ఆ అక్షరమును నొక్కినచో, కంటికి కనబడని వ్రేళ్లు నొక్కినట్లు మీటలన్నియు వరుసగా పడెడివి. ఇది టైపు చేయుటకు బదులు పనిచేయు సాధనమని ఆ కంపెనీవారే వర్ణించిరి.

అంతటితో ఆగిపోయినచో మాక్రో ఒక సౌకర్యము మాత్రమే అయియుండెడిది. కాని లోటస్‌లో మరి కొన్ని ఆజ్ఞలు కూడ ఉండెను. ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ఒక ప్రశ్నార్థకమును వ్రాసినచో, మాక్రో అచట ఆగి, వాడుకరి ఏమి టైపు చేయునో ఎదురుచూచి, తరువాత ముందుకు సాగెడిది. ‘ఇట్లయినచో ఇది చేయుము’ అను ఆజ్ఞయు ఉండెను. సంఖ్యను అడిగి తీసికొని ఒక గడిలో ఉంచు ఆజ్ఞయు ఉండెను. సొంత మెనూను తెరపై నిలుపు ఆజ్ఞయు ఉండెను. వీనితో పట్టిక వాడుకరిని ప్రశ్నించుటయు, అతని జవాబునుబట్టి నడచుకొనుటయు ఆరంభమయ్యెను. 1985లో వెలువడిన రెండవ కూర్పులో ఈ ఆజ్ఞలు పెరిగి, ఒక చిన్న భాషయే అయినవి.

ఇక ఒక ప్రత్యేకమైన మాక్రో ఉండెను. దానికి అక్షరమునకు బదులు సున్న పేరుగా పెట్టవలెను. ఆ ఫైలును తెరచినంతనే, ఎవరును ఏ మీటయు నొక్కకుండగనే, అది నడచెడిది. కార్యాలయములో కొత్తగా చేరిన గుమాస్తా ఫైలు తెరవగానే తగిన మెనూ సిద్ధముగా ఉండవలెనను సదుద్దేశమే దీనికి కారణము. కాని ‘పని చేయవలసినవాడు మనుష్యుడే’ అను పాత కట్టుబాటు ఇచటనే మొదటిసారి సడలినది.

లోటస్ పద్ధతిలో ఒక లోపము కూడ కలదు. మాక్రోయు, లెక్కలును ఒకే పట్టికలో కాపురముండెను. లెక్కలలో అక్కరలేని అడ్డువరుసనొకదానిని తొలగించినచో, దానితోపాటు అదే వరుసలో దూరముగా నున్న మాక్రోలోని ఒక భాగమును తొలగిపోయెడిది. పైగా మాక్రో మాటగా వ్రాయబడినది గనుక, వరుసలు జరిగినపుడు సూత్రములోని గడుల పేర్లు సర్దుకొనినట్లు మాక్రోలోని పేర్లు సర్దుకొనెడివి కావు. అందుకే గడుల గుంపులకు స్థిరమైన పేర్లు పెట్టి వానినే మాక్రోలో వాడుట మంచి అలవాటని ఆనాటి అనుభవజ్ఞులు బోధించిరి. ఆ సలహా నేటికిని విలువైనదే.

యంత్రమే వ్రాసికొను మాక్రో

1985లో మైక్రోసాఫ్ట్ కంపెనీ మెకింటాష్ కంప్యూటరు కొరకు ఎక్సెల్ అను స్ప్రెడ్‌షీట్‌ను వెలువరించెను; 1987లో విండోస్‌పై పనిచేయు ఎక్సెల్ వచ్చెను. ఇందు మాక్రోలకు వేరుగా ఒక షీటు ఏర్పడెను. కావున లెక్కల వరుసను తొలగించినపుడు మాక్రోకు హాని కలుగు భయము తొలగెను. మౌసు, మెనూలు గల తెరపై మీటల వరుసను వ్రాయుట కుదరదు గనుక, ప్రతి పనికి ఒక ఆజ్ఞను సూత్రము వలెనే వ్రాయు పద్ధతిని వారు అనుసరించిరి.

ఎక్సెల్‌లో మరొక సౌకర్యము కలదు. వాడుకరి ‘నమోదు చేయుము’ అని చెప్పి, పనిని ఒకసారి తన చేతులతో చేసి, ‘చాలించుము’ అనినచో, అతడు చేసినదంతయు మాక్రోగా వ్రాయబడును. గురువు చేసిన పనిని చూచి శిష్యుడు వ్రాసికొన్నట్లే ఇది. అయితే ఈ శిష్యుడు చేసినదానిని మాత్రమే వ్రాయును. ఎందుకు చేసితిరో గ్రహింపడు. ముప్పదిమంది విద్యార్థుల పట్టికపై నమోదు చేసిన మాక్రో నలుబదిమంది ఉన్న పట్టికపై కూడ ముప్పదవ వరుసతోనే ఆగిపోవచ్చును. కావున నమోదైన మాక్రోను చదివి సరిదిద్దగల శక్తి మనుష్యునకు ఉండవలెను. చదువవలెనన్నచో అది చదువదగిన భాషలో ఉండవలెను.

ఆ భాష 1993లో వచ్చినది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యులు, గణితము చదువని విద్యార్థులు కూడ కంప్యూటరును వాడగలుగుటకై బేసిక్ అను సులభమైన భాషను సృష్టించిరి. దాని వంశములోనిదే 1991లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన విజువల్ బేసిక్. దానిని ఎక్సెల్‌లో ఇమిడ్చి 1993లో ఎక్సెల్ 5.0తోపాటు ఇచ్చిరి. దీనినే విబిఎ అందురు. ఇట్లు విద్యార్థుల కొరకు పుట్టిన భాష, ముప్పది సంవత్సరముల తరువాత గుమాస్తాల చేతిలోని పట్టికకు భాషయైనది.

పిలువకుండ పలుకు గడి

ఇంతవరకు మాక్రోను నడపవలెనన్నచో ఎవరైన పిలువవలసి యుండెను. ఆల్ట్ మీటతో అక్షరము నొక్కవలెను, లేదా మెనూలో పేరు ఎన్నుకొనవలెను, లేదా బొత్తామును నొక్కవలెను. గడిని గడిగా తాకుటతోనే పని జరుగవలెనన్నచో మరొక ఊహ కావలెను. అదియే ‘సంఘటన’ అను ఊహ.

ఇంటి తలుపును ఎవరో తట్టుదురు, లోనివారు పలుకుదురు. తట్టుట సంఘటన, పలుకుట దానికి కట్టుబడిన పని. పట్టికలో కూడ గడిలో క్రొత్త విలువను వ్రాయుట ఒక సంఘటన. ఒక గడినుండి వేరొక గడికి పోవుట ఒక సంఘటన. గడిపై రెండుమారులు నొక్కుట, మౌసు కుడి బొత్తామును నొక్కుట, ఫైలును తెరచుట, షీటును మార్చుట కూడ సంఘటనలే. ఏ సంఘటన జరిగినపుడు ఏ మాక్రో నడవవలెనో ముందుగా చెప్పి ఉంచినచో, తరువాత పిలుపుతో పనిలేదు.

1992 నాటి ఎక్సెల్ 4.0 మాక్రో భాషలోనే ‘గడిలో వ్రాసినపుడు’, ‘రెండుమారులు నొక్కినపుడు’ అను ఆజ్ఞలు ఉండెను. ఎక్సెల్ 97లో ఈ ఏర్పాటు చక్కని రూపమును పొందెను. ప్రతి షీటునకు తనదైన ప్రోగ్రాము పుట ఏర్పడెను. ఆ పుటలో నిర్ణీతమైన పేరుతో మాక్రోను వ్రాసిన చాలును. ఆ సంఘటన జరిగినపుడు ఎక్సెల్ దానిని పిలుచును. ఏ గడి తాకబడినదో ఆ గడిని ‘టార్గెట్’ అను పేరుతో మాక్రోకు అందించును.

మనము మొదట చెప్పుకొన్న హాజరుపట్టీని తీసికొందము. ‘వర్క్‌షీట్ బిఫోర్ డబుల్ క్లిక్’ అను పేరుతో మాక్రో వ్రాయవలెను. దానిలో చెప్పవలసిన సంగతులు నాలుగే. ఒకటి: తాకబడిన గడి హాజరు గడులలోనిదేనా? కానిచో ఏమియు చేయక విరమింపుము. రెండు: గడి ఖాళీగా ఉన్నచో ‘హా’ అని వ్రాయుము. మూడు: అందు ‘హా’ ఉన్నచో దానిని తుడిచివేయుము. నాలుగు: రెండుమారులు నొక్కినపుడు ఎక్సెల్ మామూలుగా గడిని దిద్దుటకు తెరచును, ఈసారి తెరువవలదని చెప్పుము. ఈ నాలుగు సంగతులకు పది పంక్తులు మించవు. తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒక మధ్యాహ్నములో దీనిని గ్రహింపగలడు.

మార్కుల ప్రక్కన తేదీ వేయు మాక్రో ఇంకను చిన్నది. కాని దానిలో ఒక చమత్కారమైన చిక్కు కలదు. మార్కుల గడి మారినది; ‘మార్పు’ అను సంఘటన జరిగినది; మాక్రో వచ్చి ప్రక్క గడిలో తేదీ వ్రాసినది. అయితే ప్రక్క గడియు మారినది గదా! మరల సంఘటన జరుగును. మాక్రో మరల నడచును. దాని ప్రక్క గడిలో తేదీ వ్రాయును. ఇట్లు తేదీలు ఆ వరుస పొడవునను కుడివైపునకు ప్రాకిపోవును. దీనికి విరుగుడు రెండు విధములు. మారినది మార్కుల వరుసలోని గడియేనా అని మొదట పరీక్షింపవలెను. అంతేగాక, మాక్రో తాను వ్రాయునంత సేపు సంఘటనలను ఆపివేయుమని చెప్పి, పని ముగియగానే మరల ఆరంభింపుమని చెప్పవలెను. నడుమ ఏదైన తప్పు వచ్చి రెండవ మాట చెప్పకుండగనే మాక్రో ఆగినచో, గడులన్నియు మూగవోవును. ఎంత తాకినను పలుకవు. క్రొత్తగా నేర్చువారు దీనినిచూచి ప్రోగ్రాము చెడినదని భ్రమపడుదురు. నిజమునకు సంఘటనలు ఆగియున్నవి, అంతే.

మరి రెండు సంగతులు కూడ తెలిసికొనవలెను. సూత్రము తిరిగి లెక్కింపబడుటచేత గడిలోని విలువ మారినచో ‘మార్పు’ సంఘటన జరుగదు; మనుష్యుడో మాక్రోయో గడిలో వ్రాసినపుడే జరుగును. ఇక రెండవది మిక్కిలి ముఖ్యము. చేత్తో చేసిన పొరపాటును ‘అన్‌డూ’ అను మీటతో వెనుకకు తీసికొనవచ్చును. ఎక్సెల్‌లో మాక్రో పట్టికను మార్చినచో, వెనుకకు తీసికొనుటకు దాచియుంచిన జాబితా తుడిచిపెట్టుకొని పోవును. మాక్రో చేసిన పనియే కాదు, దానికి ముందు మనము చేసినదియు వెనుకకు రాదు. సూత్రము చెప్పునదే గాని చేయునది కాదని మొదట అనుకొంటిమి. పని చేయుదాని చేతిలో పట్టికను పెట్టినపుడు చెల్లింపవలసిన మూల్యము ఇది.

అదే తలుపు

తట్టినవాడెవడైనను పలుకు తలుపు దొంగకును పలుకును. మాక్రోతో వైరసు వ్రాయుట సాధ్యమేనని హెరాల్డ్ జోసెఫ్ హైలాండ్ అను కంప్యూటరు రక్షణ నిపుణుడు 1989లోనే ఒక వ్యాసమున చర్చించెను. 1995లో అది నిజమయ్యెను. ఆ సంవత్సరము కాన్సెప్ట్ అను మాక్రో వైరసు మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలుల ద్వారా వ్యాపించెను. అంతవరకు వైరసు ప్రోగ్రాములకే అంటునని, ఉత్తరములు, పట్టికలు నిరపాయకరములని జనులు నమ్మియుండిరి. ఆ నమ్మకము చెదరెను.

1996 జూలైలో లరూ అను వైరసు ఎక్సెల్ పట్టికలలో బయటపడెను. దాని నిర్మాణము మన కథకు నేరుగా సంబంధించినది. అందు రెండే మాక్రోలు. మొదటిది ఫైలును తెరచినంతనే నడచునది. లోటస్ నాటి సున్న మాక్రోకు వారసురాలు. అది చేయు పని ఒక్కటే: ‘ఏ షీటును ముందుకు తెచ్చినను రెండవ మాక్రోను పిలువుము’ అని సంఘటనకు కట్టివేయుట. రెండవ మాక్రో తన ప్రతిని ఎక్సెల్ ప్రతిసారి తెరచు సొంత ఫైలులో దాచి, తరువాత తెరచిన పట్టికలకు అంటించును. హాజరు గడిలో ‘హా’ వ్రాయించునదియు, వైరసును వ్యాపింపజేయునదియు ఒకే యంత్రాంగము. లరూ పట్టికలోని లెక్కలను చెరుపలేదు. వ్యాపించుటయే దాని పని. 1999 మార్చిలో వచ్చిన మెలిస్సా అట్లు ఊరకుండలేదు. అది వర్డ్ ఫైలులో దాగి, తెరచినవారి చిరునామా పుస్తకములోని మొదటి 50 చిరునామాలకు తనను తానే పంపుకొనెను. ఉత్తరముల వెల్లువచే పెక్కు కార్యాలయములు తమ మెయిల్ యంత్రములను ఆపుకొనవలసి వచ్చెను.

కట్టుబాట్లు

దీనికి విరుగుడు వెదకుటలో ఇరువదియైదు సంవత్సరములు గడచెను. ఎక్సెల్ 97లో, మాక్రోలు గల ఫైలును తెరచునపుడు ‘ఇందు మాక్రోలు కలవు, నడువనిత్తునా?’ అను హెచ్చరిక వచ్చెను. కాని ప్రతిదినము అదే ప్రశ్న అడిగినచో మనుష్యుడు చదువకుండగనే ‘అగును’ అని నొక్కుట నేర్చుకొనును. 2007లో ఫైలుల పేర్లలోనే భేదము తెచ్చిరి. ‘ఎక్స్ఎల్ఎస్ఎక్స్’ అను తోక గల ఫైలులో మాక్రోలు ఉండవు. మాక్రోలు దాచవలెనన్నచో ‘ఎక్స్ఎల్ఎస్ఎమ్’ అను తోక ఉండవలెను. పెట్టెపై చీటీ చూచి లోపలి సరుకును ఊహించుటకు ఇది వీలు కల్పించెను. 2022లో మైక్రోసాఫ్ట్ మరొక అడుగు వేసి, ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైలులలోని మాక్రోలను ప్రశ్న అడుగకుండగనే ఆపివేయు ఏర్పాటును అమలు చేసెను. అదే సంవత్సరము 1992 నాటి పాత మాక్రో భాషను కూడ, వాడుకరి కోరిననేగాని నడువనీయని స్థితిలో ఉంచెను.

ఈ చరిత్రకు రెండవ పార్శ్వము కూడ కలదు. మాక్రోతో జనులు చేయించుకొనిన పనులను నిర్మాతలు గమనించి, వానిలో తరచుగా కావలసినవానిని గడి సహజగుణములుగానే మార్చిరి. గడిలో నొక్కినంతనే ఒక జాబితా తెరచుకొని, అందుండి ఒకదానిని ఎన్నుకొను వీలు ఎక్సెల్ 97లోనే కలదు. విలువనుబట్టి గడి రంగు మారు వీలు కూడ అప్పుడే వచ్చెను. నొక్కగానే టిక్కు పడు గడులు గూగుల్ షీట్స్‌లో 2018లోను, ఎక్సెల్‌లో 2024లోను వచ్చినవి. వీనికి మాక్రో అక్కరలేదు. కావున మాక్రో వలని భయమును లేదు.

తరగతిగదిలో

కంప్యూటరు బోధించు ఉపాధ్యాయులు ఈ చరిత్రనుండి ఒక క్రమమును గ్రహింపవచ్చును. సూత్రముతో అగు పనికి జాబితాయు వలదు. జాబితాతోను టిక్కు గడితోను అగు పనికి మాక్రో వలదు. అవి చాలనిచోటనే మాక్రో వ్రాయవలెను. వ్రాయుటకు ముందు ఫైలునకు వేరొక ప్రతి తీసి ఉంచవలెను. ఏలయన మాక్రో చేసినది వెనుకకు రాదు. ఏ గడులకు వర్తించునో మొదటి పంక్తిలోనే పరీక్షింపవలెను. లిబ్రేఆఫీస్ అను ఉచిత ప్రోగ్రాములో కూడ షీటు సంఘటనలకు మాక్రోలను కట్టవచ్చును గనుక, ఈ పాఠమునకు పాఠశాల వ్యయము చేయవలసిన పనిలేదు.

విద్యార్థులకు ఒక అభ్యాసమును ఇవ్వవచ్చును. హాజరు మాక్రోను ఒకరు వ్రాయవలెను. రెండవవారు దానిని నడపక ముందే చదివి, అది ఏ సంఘటనకు నడచును, ఏ గడులను మార్చును, మరి దేనినైనను ముట్టునా అను మూడు ప్రశ్నలకు జవాబు కాగితముపై వ్రాయవలెను. తరువాత ఇద్దరును కలిసి దానిని నడిపి, వ్రాసిన జవాబులతో సరిచూచుకొనవలెను. ఈ మూడు ప్రశ్నలను అడుగుట అలవడిన పిల్లవాడు, రేపు ఎవరో పంపిన ఫైలు ‘మాక్రోలను నడువనిమ్ము’ అని కోరినపుడు, వెంటనే నొక్కక ఆ ఫైలునకు కూడ ఈ ప్రశ్నలనే వేయును.